ఒక బియ్యపు గింజ పుట్టుపూర్వోత్తరములు

(పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున నొసగిన యుపన్యాస పాఠము)



ఈ మధ్యాహ్నము మనలో ననేకులు భుజించిన యన్నమునకు ఒక పేరున్నది. బస్తాపై వర్తకుడు వేసికొను ముద్రను గూర్చి నేను చెప్పుట లేదు. గింజ పేరు చెప్పుచున్నాను. తెలుగునాట సన్నబియ్యము తినువారి యిండ్లలో మిక్కిలిగ చెల్లునది సాంబమసూరి. రైతులు దానిని బి.పి.టి. యనియు, 5204 అనియు పిలుతురు. తాత పేరు చెప్పలేనివానిని చూచి మనము నవ్వుదుము. దినమునకు రెండుపూటల తిను గింజకు తల్లి యెవరో, తాత యెవరో యడిగిన మనలో చెప్పగలవారెందఱు? ఆ వంశకథను విన్నవించుటయే నేటి నా పని. ఈ దేశమునకు తిండి యెట్లు దొరికినదో, మునుముందు దొరకుటకు ఏమి వలయునో ఆ కథలోనే తెలియగలదు.

మన పూర్వులకు కఱవనునది పుస్తకములోని మాట గాదు. 1832–33 నాటి నందన కఱవు గుంటూరు సీమను పాడుపెట్టినది. తరువాత ధవళేశ్వరమున 1852 లోను, బెజవాడయొద్ద 1855 లోను ఆనకట్టలు లేచినవి. డెల్టాలకు నీరు వచ్చినది. కాలువలు చేరని సీమలను 1876–78 నాటి ధాత కఱవు దహించినది. నీరు వచ్చినచోట భూమి పచ్చబడినదిగాని ఎకరము పంట చాల పెఱుగలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1950–51 లో కూడ, దేశమంతటి సగటున హెక్టారునకు వచ్చిన బియ్యము 668 కిలోలు; మన ఎకరపు లెక్కలో 270 కిలోలు మాత్రమే. 2023–24 లో ఆ సగటు హెక్టారునకు 2,800 కిలోలను మించినది. ఈ నాలుగురెట్ల పెఱుగుదల నడుమ నేమి జరిగినదో చూడవలెను.

గింజను మార్చవలెనను పని ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో చెన్నరాజధానిలో కోయంబత్తూరున నారంభమైనది. అచ్చటి వృక్షశాస్త్రజ్ఞునకు 'గవర్నమెంటు ఎకనమిక్ బోటనిస్టు' అని హోదా. మన తెలుగుజిల్లాల వరులలో కోనామణి యనునది యొకటి. దాని నడుమ తనంతట తానే గుణము మాఱి పుట్టిన మొక్క యొకటి ఆ శాఖవారి కంటబడినది. చేలలో నిట్టి మొక్కలు రైతునకు క్రొత్త గావు. వీనిని కేళీలందురు, కనబడగనే పెఱికి గట్టున పాఱవేయుదురు. రైతు చేయునది సరియే. లేకున్నచో విత్తనము కల్తీయగును. శాస్త్రజ్ఞులు మాత్రము ఆ కేళీని దాచిరి. దాని విత్తును వేఱుమడిలో నాటి పరీక్షించి, 1921 లో రైతులకిచ్చిరి. అధికారి హోదాలోని పొడియక్షరములే దానికి పేరయ్యెను: జి.ఇ.బి. 24. గింజ సన్నము, అన్నము శ్రేష్ఠము. సాంబమసూరికి ఇది పితామహుని వంటిది. ఇది యొక యింటితో నాగలేదు. దీని రక్తము తమిళదేశపు టి.కె.ఎం. 6 ద్వారా ఫిలిప్పీన్సులో పుట్టిన ఐ.ఆర్. 20 లోనికి ప్రవహించినది. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతను ఈ కోనామణి బిడ్డ యబద్ధము చేసినది.

1925 లో పశ్చిమగోదావరి సీమలో మార్టేరు పరిశోధన క్షేత్రము వెలసెను. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, రసంగి, నెల్లూరు మొలగొలుకులు మొదలగు నాటువరులలో మేలైన కంకులను ఏఱి, కంకికొక వరుసగా నాటి, నిలుకడగలవానిని నిలుపుకొనుట ఆనాటి పద్ధతి. ఇట్టి యేఱివేతవలన పంట కొంత పెఱిగినది. దేశపు ఆకలి తీర్చునంత పెఱుగలేదు.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1942 లో జపానువారు బర్మాను పట్టుకొనగా, చెన్నరాజధానియు వంగదేశమును నమ్ముకొనియుండిన బర్మా బియ్యము నిలిచిపోయెను. ఆ యేటనే వంగదేశపు వరికి గోధుమరంగు మచ్చ తెగులు తగిలెను. 1943 లో సుమారు 30 లక్షలమంది మరణించిరి. తెగులొక్కదాని నెత్తిన ఆ పాపమును మోపరాదు. పెఱుగు ధరలను చూచుచు నూరకుండిన పరప్రభుత్వపు పాలు అందు పెద్దది. అయినను ఆ శ్మశానమునుండియే ఒక మంచిపని పుట్టినది: 1946 లో కటకమున కేంద్ర వరి పరిశోధనాలయము స్థాపితమయ్యెను.

కటకములో 1950 దశకమున ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో నొక సాహసము జరిగినది. మన యుష్ణదేశపు వరులు ఎఱువు వేసినకొలది ఆకుగ పెఱుగును; జపాను జాతి వరులు ఎఱువునకు గింజతో బదులిచ్చును. ఈ రెండింటిని సంకరము చేసినచో నేమగును? ఆ సంతానములో పెక్కు తాలుపోయినవి. దూరపు చుట్టఱికములలో నిది సహజమే. నిలిచిన కొలదిపాటి వానిలో ఆడుతుఱై 27 తంజావూరు రైతులకు ఉపయోగపడెను. తైచుంగ్ 65 అను జపాను జాతి వరికిని మయాంగ్ ఎబోస్ 80 అను మలయా వరికిని కలిపిన విత్తును మలయావారు కొనిపోయి, తమ నేలలో ఏఱి, 1965 లో మసూరి యను పేర విడుదల చేసిరి. కటకమున కడుపుబడి మలయాలో కన్నులు తెఱచిన యా బిడ్డ మరల సముద్రము దాటి తెలుగునాడు చేరినది. మన 'మసూరి' మైసూరు నుండి వచ్చినదని తలచువారు ఈనాటికిని కలరు. ఊరి పేరులోని పోలిక తెచ్చిన భ్రాంతి యది.

ఈ నడుమ దేశము మఱియొక గండమున పడెను. 1965 లోను 1966 లోను వరుసగ వానలు తప్పినవి. 1964–65 లో సుమారు 8 కోట్ల 90 లక్షల టన్నులు పండిన తిండిగింజలు మఱుసటి యేట 7 కోట్ల 20 లక్షలకు దిగినవి. 1966 లో సుమారు కోటి టన్నుల ధాన్యము ఓడలలో వచ్చినది. అందధికభాగము అమెరికా గోధుమ. వియత్నాం యుద్ధమును గూర్చి మన ప్రభుత్వము పలికిన పలుకులు ప్రెసిడెంటు జాన్సనుకు రుచింపలేదు. ఓడలను నెలకింతయని కొలిచి, పగ్గము బిగించి పంపెను. స్వరాజ్యము వచ్చి ఇరువదియేండ్లు నిండకమున్నే, మన నోటి మాటకు పరాయివాని గిడ్డంగి తాళముతో లంకె పడినది. ఆహారస్వాతంత్ర్యమను మాటకు అర్థము నిఘంటువులో వెదకవలసిన పని ఆనాటివారికి లేకపోయెను.

ఎఱువు వేసిన పంట పెఱుగదా యని పట్టణవాసులు అడుగవచ్చును. పాతవరికి అదియే చిక్కు. అది నిలువెత్తు పెఱుగు జాతి. కలుపును మించుటకు, నిలిచిననీట బ్రతుకుటకు, పశువులకు గడ్డి నిచ్చుటకు ఆ యెత్తు మంచిదే. కాని నత్రజని తగిలినకొలది కాండము సాగును, కంకి బరువగును, కార్తీకమాసపు గాలివానకు చేను నేలకొఱగును. ఒఱగిన చేనిలో గింజ నీట నాని మొలకెత్తును. కావున ఆనాటి రైతు ఎఱువునకు వెనుదీసినది మూఢత్వముచేత గాదు, లెక్క యెఱిగియే. రైతును జ్ఞానహీనుడని యుపన్యసించిన పట్టణపు పెద్దలు ఈ లెక్క నెఱుగరు.

లెక్కను మార్చినది తైవానుదేశపు పొట్టివరి. దాని పేరు డీ-జియో-వూ-జెన్. దానిలో నొక్క జన్యువు చెడుటచేత, కాండమును సాగదీయు జిబ్బరిలిన్ అను పదార్థము తక్కువగ పుట్టును. 1962 లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమున దానిని పేటా యను ఇండోనేషియా పొడుగువరితో కలిపిరి. ఆ వరుసలో ఎనిమిదవ సంకరమునుండి 1966 లో వెలువడినది ఐ.ఆర్. 8. మొక్క పొట్టి, ఆకులు నిటారు, పిలకలు మెండు. ఎఱువు తిని నిలువగలదు. పాతవరి యెండుబరువులో సుమారు మూడవపాలు గింజ కాగా, దీనిలో సగము గింజయే. పాత సార్వా రకములు పగటిపొద్దు తగ్గువఱకు పూతకు రావు. ఇది యెప్పుడు నాటినను నూటముప్పది దినములలో చేతికందును. దాళ్వా సాగునకు ఇట్టిదే తగినది.

1967 లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారను యువరైతు ఈ విత్తును తన పొలమున పండించి, ఇతర రైతులకు విత్తనముగ నందించి, 'మిస్టర్ ఐ.ఆర్. 8' అని దేశాంతరముల పేరొందెను. హైదరాబాదు కేంద్రముగ 1965 లో నేర్పడిన అఖిలభారత వరి సమన్వయ పథకమువారు దేశములో పలుచోట్ల నొకేసారి పరీక్షలు జరిపి, 1968 లో జయ యను స్వదేశపు పొట్టివరిని విడుదల చేసిరి.

అయితే గోదావరి యిల్లాలు ఐ.ఆర్. 8 ను మెచ్చలేదు. గింజ ముతక, పొట్ట తెలుపు, మరలో బోసిన నూక మెండు, అన్నము చల్లారిన గట్టి. చేలలో ఎండాకు తెగులును సుడిదోమయు దానిపై విందు చేసికొనెను. పత్రికలు దానికి 'అద్భుతవరి' యని బిరుదు నిచ్చినవి. ఆ మాట నాకు రుచింపదు. అద్భుతమన్నచో దానిని చేసినవాడు కనుమఱుగగును, తరువాత చేయవలసిన పనియు కనుమఱుగగును.

ఆ తరువాతి పనియే బాపట్లలో జరిగినది. ఇచ్చట మన వంశకథ మూడు పాయలును కలిసికొనుచున్నవి. జి.ఇ.బి. 24 ను తైచుంగ్ నేటివ్ 1 అను పొట్టివరితో కలిపి, ఆ సంతానమును మసూరితో కలిపిరి. సంకరము చేయుటను ఒక్కమాఱు కన్నులార చూచినవాడు బియ్యపు గింజను నేల పాఱవేయడు. వరిపువ్వులో ఆడ, మగ భాగములు రెండును ఒకే పొట్టులో నుండును. పువ్వు విచ్చకమునుపే చిన్న కత్తెరతో పొట్టు కొన కత్తిరించి, లోని ఆఱు పుప్పొడి తిత్తులను నొవ్వకుండ తీసివేసి, రెండవ మొక్క పుప్పొడిని దానిపై దులిపి, కాగితపు సంచి తొడుగవలెను. ఇట్లు చేసిన పువ్వులలో కొన్ని మాత్రమే గింజకట్టును. ఆ గింజల సంతానము రెండవ తరమున చెల్లాచెదరగును: ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి సన్నము, ఒకటి తాలు. వేలకొలది మొక్కలలో ఏఱుచు, ఏఱినవానిలో మరల నేఱుచు, గుణము స్థిరపడుటకు ఆఱేడు తరములు. ఆపైన పలుజిల్లాలలో పరీక్షలు. పది పండ్రెండేండ్లు గడచును. నడుమ ఒక్కయేడు జీతపు పద్దు కొఱతబడి మడి దున్నకపోయినచో గొలుసు తెగును. ఇట్టి యోర్పు ఫలించి 1986 లో సాంబమసూరి విడుదలయ్యెను. అంతకు నాలుగేండ్లు ముందే, 1982 లో, మార్టేరువారు వసిష్ఠ యను రకమును మసూరితో కలిపి పుట్టించిన స్వర్ణను విడుదల చేసియుండిరి. అనగా నీ రెండును మసూరి బిడ్డలే. గోదావరి నేలలో పుట్టిన స్వర్ణ ఒడిశా, పశ్చిమవంగము, బీహారు రైతుల పొలములనేగాక బంగ్లాదేశపు పొలములను గూడ నిండించినది.

తిండిలో స్వాతంత్ర్యమనగా తలుపులు మూసికొని కూర్చుండుట కాదని ఈ వంశవృక్షమే చెప్పుచున్నది. కోనామణి మనది, పొట్టితనము తైవానుది, మసూరి సగము మలయాది. తరువాతి కథయు నట్టిదే. సాంబమసూరికి ఎండాకు తెగులు తీరని శత్రువు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయమును, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును చేయిగలిపి, మూడు నిరోధక జన్యువులను దానిలోనికి తెచ్చి, 2008 లో మెఱుగుపఱచిన సాంబమసూరిని విడుదల చేయించిరి. ఆ మూటిలో నొకటి ఆఫ్రికాలోని మాలీదేశపు అడవివరినుండి వచ్చినది. స్వర్ణ వఱదలో మునిగిన చచ్చుచుండెను. ఒడిశా పల్లెల పాతవరినుండి యేఱిన ఎఫ్.ఆర్. 13-ఎ లో, రెండువారములు నీట మునిగినను ఊపిరి బిగపట్టి బ్రతుకు గుణమున్నది. ఆ జన్యువును స్వర్ణలోనికి తేగా 2009 లో స్వర్ణ-సబ్ 1 వచ్చెను. ఒడిశాలోని ఆ రైతులు ఎకరమునకు పంట తక్కువ యని దానిని ఏనాడో విడిచియుండినచో నేడు ఆ గుణమును ఎచ్చట కొనగలము?

నాటువిత్తనముల పక్షమువారి మొఱ వినదగినది. పొట్టివరి రాకతో వేలకొలది దేశవాళీ రకములు చేలనుండి తొలగినవి. రాయపూరు విశ్వవిద్యాలయమున ఇరువదివేలకు మించిన దేశవాళీ వరుల విత్తు భద్రపఱుపబడియుండుట మన పుణ్యము. ఒకే రకమును విరివిగ చల్లిన నేమగునో సజ్జపంట నేర్పినది: 1965 లో వచ్చిన హెచ్.బి. 1 అను సంకరసజ్జ మొదట విరగబండి, 1970 దశకపు తొలియేండ్లలో వెఱ్ఱికంకి తెగులుతో కూలినది. అయితే పాతరకములకే మరలుదమనువారితో నేనేకీభవింపను. 1950–51 లో రెండుకోట్ల టన్నులకు కొంచెము మించి పండిన బియ్యము 2023–24 లో 13 కోట్ల 78 లక్షల టన్నులైనది. ఈ జనసంఖ్యకు పాతవరితో అన్నము పెట్టవలెనన్న మిగిలిన యడవులన్నియు దున్నవలసివచ్చును. పాతవిత్తు చేలోనుండుట కొఱకే గాదు, క్రొత్తవిత్తునకు తల్లియగుట కొఱకు కావలయును.

నిండిన గిడ్డంగిని చూచి తృప్తిపడువారితో నాకు పోరాటము. నేడు మన దేశము ప్రపంచమున బియ్యము ఎగుమతి చేయువారిలో మొదటిది, నిజము. కాని కిలో బియ్యము పండించుటకు రెండుమూడు వేల లీటర్ల నీరు పట్టును. బోరునీటితో పండించి ఓడకెక్కించిన బియ్యముతోపాటు మన భూగర్భజలమును గూడ ఓడకెక్కించుచున్నాము. వేసిన నత్రజనిలో వరి గ్రహించునది మూటనొకపాలు, మించిన నలువది వంతులు. మిగిలినది గాలికి, కాలువకు. పొటాషు దాదాపు అంతయు విదేశములనుండియే వచ్చుచున్నది. వంటనూనెలో సగమునకు మించి దిగుమతి. 2023–24 లో 45 లక్షల టన్నులకు మించిన పప్పుధాన్యము విదేశములనుండి వచ్చినది. అన్నము మనది, పప్పు పరాయివానిది, తిరుగమోతలో నూనె పరాయివానిది. విస్తరిలో మూడవపాలునకు స్వయంపోషకత్వమని పేరుపెట్టరాదు. కందికి, మినుమునకు, జొన్నకు, నూనెగింజలకు వరికి జరిగినంత సేవ జరుగలేదు. అవి మెట్టరైతు పంటలగుటయు, మెట్టరైతు గొంతు రాజధానికి వినబడకపోవుటయు అందులకు కొంత కారణము.

ఇట్టి వేళ క్రొత్తవార్త యొకటి వచ్చినది. 2025 మే నెలలో హైదరాబాదు వరి పరిశోధన సంస్థవారి కమల యను వరిని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఇది సాంబమసూరికి కడపటి బిడ్డ. పరాయి జన్యువును చొప్పింపక, సాంబమసూరిలోనే యున్న యొక జన్యువును జన్యుకత్తెరతో సవరించిరి. కంకికి గింజలు హెచ్చుననియు, పంట సుమారు నూటికి 19 వంతులు మిక్కిలియనియు, ఇరువది దినములు ముందుగ కోతకు వచ్చుననియు ప్రకటనలో చెప్పిరి. ఇరువది దినములు తగ్గుట నిజమైనచో అన్ని దినముల నీరు మిగులును. నా దృష్టిలో దిగుబడికంటె ఆ నీరే విలువైనది. ఈ లెక్కలను శంకించిన విమర్శకులును కలరు. వారి నోరు మూయించుట మార్గము గాదు. పరీక్షల యంకెలన్నియు ప్రజలయెదుట పెట్టి, రైతుల పొలములలో, ఎండలో, తెగులులో నిగ్గు తేల్చవలెను. ఇంకొక మెలిక యున్నది. గింజ మనదే, పొలము మనదే. కత్తెరపై పేటెంటు హక్కులు విదేశ సంస్థల చేతులలో నున్నవి. 2001 నాటి చట్టము రైతునకు తన పంట విత్తును దాచుకొని, నాటుకొని, పొరుగువానికి పంచి, ముద్రవేయకుండ అమ్ముకొను హక్కునిచ్చినది. కమల విషయమున ఆ హక్కు నఖము వాసియైనను తఱుగదని ప్రభుత్వము కాగితముపై వ్రాసి యీయవలెను. జి.ఇ.బి. 24 కు ఎవరును రుసుము కట్టలేదు.

మన దేశమున వ్యవసాయోత్పత్తి విలువలో నూఱు రూపాయలకు ఒక్క రూపాయియైనను పరిశోధనకు వెచ్చింపబడుట లేదు. ఉచితపు బియ్యమునకు ఉత్సవము జరుగును. విత్తన క్షేత్రమున కూలివానికి వేతనము ఆలస్యమైనచో వార్త కాదు. పరిశోధనమనగా క్రొత్త విత్తొక్కటియే యనుకొనరాదు. తడి ఆఱబెట్టి మరల నీరుపెట్టు పద్ధతి, ఊడ్పులు లేక నేరుగ విత్తు వెద పద్ధతి, ఆకు రంగు పట్టిక చూచి వలసినంతయే యూరియా వేయుట — ఇవి ఛాయాచిత్రములకు ఎక్కని పనులు. ఏ మండలమునకు ఏది నప్పునో చెప్పుటకు ఏండ్లతరబడి మడులలో కొలతలు వేయువారు కావలయును.

శాసనసభలలో వ్యవసాయపు పద్దు చర్చకు వచ్చు దినములలో మీ ప్రతినిధులకు ఉత్తరములు వ్రాయుడని యీ పఠనమందిర సభ్యులను కోరుచున్నాను. మార్టేరులో, బాపట్లలో, రాజేంద్రనగరములో శాస్త్రజ్ఞుల పదవులు ఎన్ని, అందు ఖాళీ లెన్ని? పాతరకముల విత్తును మరల నాటి మొలకశక్తి నిలుపుటకు ఏటేట ఎంత సొమ్ము ఇచ్చిరి? కంది, మినుము, వేరుసెనగల శాఖలకు ఎంత? జవాబులు వచ్చినపుడు వానిని ఈ గోడపై, దినపత్రికలు తగిలించుచోటనే, తగిలింపుడు.